తాళం చెవి కాదు, తాళం సంగతి తెలియాలి



ఇప్పుడు చాలా ఆస్పత్రులలో ఓ.పి. చీటీ మొదలుకొని మందుల బిల్లు వరకు అన్నీ కంప్యూటరులోకి వచ్చాయి. వాటితోపాటు కౌంటర్ల దగ్గర ఒక కొత్త మాట కూడా వినబడుతోంది. "రికార్డు లాక్ అయిందమ్మా, కాసేపు ఆగండి" అంటారు. ఆ మాట విన్న ముసలితల్లి తన చీటీలో ఏదో తప్పు ఉందనుకుంటుంది. లేదా ఎక్కడో డబ్బు బాకీ పడ్డామనుకుంటుంది. "ఎంతసేపు బాబూ?" అని అడిగితే, కౌంటరులో ఉన్నవారికే తెలియదు. డుంబ్రిగుడ, అనంతగిరి, హుకుంపేట, పెదబయలు, ముంచంగిపుట్టు మండలాల కొండ ఊళ్ళ నుండి తెల్లవారకముందే నడిచి, జీపు పట్టుకొని వచ్చినవారికి ఆ "కాసేపు" చిన్న విషయం కాదు. తిరుగు జీపు తప్పితే ఆ రాత్రి ఇల్లు చేరరు.

ఈ లాక్ అంటే ఏమిటి? ఎవరు వేస్తారు? దానిని కంప్యూటరు లోపలే దాచి ఉంచాలా, లేక వాడేవారికి చూపించాలా, వారి చేతికే ఇవ్వాలా? డేటాబేసులు తయారుచేసే ఇంజనీర్ల మధ్య ఈ విషయంలో చాలాకాలంగా రెండు అభిప్రాయాలున్నాయి. అది వారి గొడవ, మనకెందుకు అనుకోవద్దు. రోగి ప్రాణంతో ముడిపడిన సంగతి గనుక మా అభిప్రాయం ఇక్కడ చెబుతున్నాము.

తాళం ఎందుకు కావాలి?

వైవాక్స్ మలేరియా వచ్చినవారికి, కాలేయంలో దాగి ఉండే క్రిములు కూడా చావాలని 14 రోజులపాటు ప్రైమాక్విన్ మాత్రలు ఇస్తారు. మన కొండ ప్రాంతాలవారికి ఇది కొత్త వైద్యం కాదు. కానీ కొందరికి పుట్టుకతోనే ఎర్ర రక్తకణాలలో జీ6పీడీ అనే ఎంజైము తక్కువగా ఉంటుంది. కొన్ని గిరిజన తెగలలో ఈ లోపం ఎక్కువగా కనబడుతుంది. అలాంటివారు ప్రైమాక్విన్ మింగితే రక్తకణాలు పగిలిపోతాయి. మూత్రం నల్లబడుతుంది, కళ్ళు పచ్చబడతాయి, రక్తం ఒక్కసారిగా తగ్గిపోతుంది. అందుకే ఆ ఒక్క మాట రోగి రికార్డులో తప్పకుండా ఉండాలి.

ఇప్పుడు ఇలా జరిగిందనుకోండి. ఉదయం 10 గంటలకు ఒక రోగి పేజీని ల్యాబులో ఒకరు, ఓ.పి. కౌంటరులో ఒకరు తెరిచారు. 10-05కి ల్యాబువారు "జీ6పీడీ లోపం ఉంది" అని రాసి సేవ్ చేశారు. కౌంటరులో ఉన్న ఆమె తెర మీద మాత్రం పాత పేజీయే ఉంది. 10-08కి ఆమె ఊరి పేరు సరిచేసి, పేజీ మొత్తాన్ని సేవ్ చేసింది. ప్రోగ్రాము జాగ్రత్తగా రాయకపోతే, ల్యాబువారు రాసిన మాట తుడిచిపెట్టుకుపోతుంది. పని చేసిన ఇద్దరూ తమ పని సరిగానే చేశారు. అయినా డాక్టరుగారి తెర మీద ఆ లోపం కనబడదు.

మరి డేటాబేసుకు సొంత తాళాలు లేవా? ఉన్నాయి. ఒకే వరుసలో ఇద్దరు ఒకేసారి రాయబోతే, ఒకరిని ఆపి ఇంకొకరిని రాయనిస్తుంది. ఎవరూ అడగకుండానే ఆ తాళం వేస్తుంది, పని అయ్యాక తానే తీస్తుంది. అయితే ఆ తాళం ఉండేది సేవ్ చేసే ఆ క్షణం మాత్రమే. మనిషి పేజీ తెరిచి, చూసి, రాసి, సేవ్ చేయడానికి నిమిషాలు పడుతుంది. పైన చెప్పిన ఉదాహరణలో 10-05కి తాళం పడింది, తీయబడింది. 10-08కి మళ్ళీ పడింది, తీయబడింది. రెండుసార్లూ తాళం తన పని చేసింది. మధ్యలో మూడు నిమిషాలు మాత్రం ఎవరి కాపలా లేదు. చిక్కంతా అక్కడే ఉంది.

కాగితం రోజుల్లో ఏం చేసేవారు?

కాగితపు కేస్ షీటుకు ఈ బాధ లేదు. అది ఒకటే ఉంటుంది. ల్యాబువారి చేతిలో ఉంటే కౌంటరువారి చేతిలో ఉండదు. అదే దాని తాళం. ఆ తాళం అందరికీ కనబడేది కూడా. షెల్ఫులో ఖాళీ ఉంటే ఫైలు ఎవరో తీసుకున్నారని తెలిసిపోతుంది.

పద్ధతిగా నడిచే రికార్డు గదుల్లో ఇంకొక మంచి అలవాటు ఉంది. ఫైలు తీసిన చోట ఒక ట్రేసరు కార్డు పెడతారు. ఫైలు ఎవరు తీసుకున్నారు, ఏ వార్డుకు వెళ్ళింది, ఏ తేదీన అని దానిమీద రాస్తారు. ఆ కార్డు ఫైలును ఎవరి చేతిలోనుండి లాక్కోదు. కానీ ఎక్కడికి వెళ్ళి అడగాలో చెబుతుంది. ఈ ట్రేసరు కార్డును గుర్తుపెట్టుకోండి. మా వాదన అంతా దానిమీదే ఆధారపడి ఉంది.

లోపలి తాళం, చేతి తాళం

మన దేశంలో గిరిజనులకు సేవచేసే ఆస్పత్రులలో వాడే ప్రోగ్రాములలో బాహ్మ్ని ఒకటి. ఛత్తీస్‌గఢ్‌లో బిలాస్‌పూర్ దగ్గర గనియారిలో జన స్వాస్థ్య సహయోగ్ వారి ఆస్పత్రి కోసం థాట్‌వర్క్స్ సంస్థ మొదలుపెట్టిన ప్రోగ్రాము అది. ఎవరైనా ఉచితంగా తీసుకొని వాడుకోవచ్చు. దానిలో రోగి రికార్డుల భాగం మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేసు మీద, బిల్లులు, మందుల నిల్వల భాగం పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే డేటాబేసు మీద నడిచేలా కట్టారు. ఈ రెండు డేటాబేసులూ తమ లోపలి తాళాల యంత్రాన్ని ప్రోగ్రాము రాసేవారి చేతికి కొంతవరకు ఇచ్చాయి.

పోస్ట్‌గ్రెస్‌లో ఇది మొదట పక్కన ఉండే అదనపు భాగంగా ఉండేది. 2006 డిసెంబరులో వచ్చిన 8.2 వెర్షనులో "అడ్వైజరీ లాక్" అనే పేరుతో అసలు డేటాబేసులోకే తెచ్చారు. అంటే సలహా తాళం. మైఎస్‌క్యూఎల్‌లో కూడా ఒక పేరు చెప్పి, ఎన్ని సెకన్లు ఆగాలో చెప్పి తాళం అడిగే వీలుంది.

సలహా తాళం అంటే ఏమిటో మనవారికి విడమరచి చెప్పనక్కరలేదు. బస్సు కిటికీలోనుండి సీటుమీద తువ్వాలు వేస్తాం కదా, అదే. తువ్వాలు సీటును కట్టివేయదు. దానిని పక్కకు నెట్టి కూర్చుంటే ఆపే శక్తి దానికి లేదు. అయినా నూటికి తొంభైమంది దానిని గౌరవిస్తారు గనుక పని జరుగుతుంది. సలహా తాళం కూడా అంతే. అన్ని కౌంటర్ల ప్రోగ్రాములూ ముందు తువ్వాలు ఉందా అని చూస్తేనే అది పనిచేస్తుంది. ఒక్కటి చూడకుండా రాసేస్తే డేటాబేసు అడ్డుకోదు.

అంత బలహీనమైనది ఎందుకు మరి? ఎందుకంటే డేటాబేసు సొంత తాళం మామూలుగా ఉన్న వరుసకే పడుతుంది. ఇంకా లేని వరుసకు తాళం ఎలా వేస్తుంది? ఒక పసిబిడ్డను మొదటిసారి ఆస్పత్రికి తెచ్చారనుకోండి. తల్లి ఒక వరుసలో నిలబడింది. త్వరగా అవుతుందని బాబాయి బిడ్డను చెప్పి ఇంకొక వరుసలో నిలబడ్డాడు. బిడ్డకు ఇంకా ఆధార్ లేదు. మన ప్రాంతంలో పాంగి, కొర్రా, కిల్లో, వంతల వంటి ఇంటిపేర్లు ఊరంతా ఉంటాయి. రెండు కౌంటర్లలో ఒకేసారి వెతికారు. రెండుచోట్లా "లేదు" అని వచ్చింది. రెండుచోట్లా కొత్త నంబరు ఇచ్చారు. ఒకే బిడ్డకు రెండు రికార్డులు తయారయ్యాయి. సికిల్ సెల్ పరీక్ష ఫలితం ఒకదానిలో పడుతుంది, టీకాల లెక్క ఇంకొకదానిలో ఉంటుంది. తల్లి పేరు, ఊరు కలిపి ఒక సలహా తాళం వేసుకొని వెతికితే, రెండో కౌంటరు ఒక్క క్షణం ఆగి, మొదటివారు ఇచ్చిన నంబరునే చూస్తుంది. లోపలి తాళం చేయలేని పనిని చేతి తాళం ఇలా చేస్తుంది.

వద్దనేవారి మాట

ఇవి ఎవరి చేతికీ ఇవ్వవద్దనే ఇంజనీర్ల మాటను కొట్టిపారేయలేము. మనిషి చేతికి తాళం ఇస్తే తీయడం మరచిపోతాడు అంటారు. నిజమే. మొదట వచ్చిన సలహా తాళం, వేసినవారు తీసేదాకా లేదా వారి కనెక్షను ముగిసేదాకా ఉండేది. పెద్ద ప్రోగ్రాములు ఒకే కనెక్షనును చాలామందికి మార్చిమార్చి ఇస్తాయి. అది షేర్ జీపు వంటిది. ఒకరు దిగిపోతూ సంచి మరచిపోతే, జీపు ఆ సంచితోనే తిరుగుతుంది. తరువాత ఎక్కినవారికి అది ఎవరిదో తెలియదు. తాళం కూడా అలాగే మిగిలిపోతుంది.

కొండల్లో ఇంకొక ఇబ్బంది ఉంది. ఉపకేంద్రంలో రికార్డు తెరిచి ఉండగా కరెంటు పోయిందనుకోండి, లేదా సిగ్నలు పోయిందనుకోండి. అవతల మనిషి వెళ్ళిపోయాడన్న సంగతి సర్వరుకు వెంటనే తెలియదు. ఎక్కువ సర్వర్లలో ఉండే లినక్స్‌లో, ఉలుకూ పలుకూ లేని కనెక్షను బతికి ఉందా అని పలకరించడానికి మామూలుగా పెట్టిన గడువు 7200 సెకన్లు. అంటే 2 గంటలు. అంతసేపు ఆ రికార్డుకు తాళం పడి ఉండవచ్చు. ఆ గడువును తగ్గించుకునే వీలుంది. కానీ అడిగితేనే తగ్గిస్తారు. అడగాలని మనకు తెలియాలి.

మైఎస్‌క్యూఎల్‌లో వేరొక సంగతి ఉండేది. 2015లో వచ్చిన 5.7 వెర్షనుకు ముందు, ఒకరు రెండో తాళం అడిగితే వారి మొదటి తాళం చడీచప్పుడు లేకుండా ఊడిపోయేది. తాళం ఉందనుకొని ధైర్యంగా రాసేవారికి అది లేదని తెలియదు.

ఈ అనుభవాల నుండి డేటాబేసులవారే పాఠం నేర్చుకున్నారు. 2011లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 9.1లో, ఆ పని ముగియగానే తనంతట తానే తెరుచుకునే సలహా తాళాన్ని తెచ్చారు. చేతికి ఇచ్చినదాన్ని వెనక్కు లాక్కోలేదు. మరచిపోయినా నష్టం లేకుండా చేశారు. మాకు నచ్చిన దారి ఇదే.

మా అభిప్రాయం

"వాడేవారు" అంటే ఒక్కరు కాదు. ప్రోగ్రాము రాసేవారు, ఆస్పత్రి సిబ్బంది, రోగి, ముగ్గురూ వాడేవారే. అందరికీ ఒకే జవాబు చెప్పడం వల్లనే ఈ వాదన తెగడం లేదు.

ప్రోగ్రాము రాసేవారి చేతికి తాళం ఇవ్వాలి. పైన చెప్పిన పసిబిడ్డ వంటి సందర్భాలలో అది లేకుండా కుదరదు. అయితే పని ముగియగానే తానే తెరుచుకునే తాళాన్నే వాడాలి. ఒక మనిషి పేజీ చూస్తున్నంతసేపు తాళం వేసి ఉంచే పద్ధతిని మానాలి. దానికి బదులు ఇంకొక మార్గం ఉంది. ప్రతి పేజీకి ఒక వరుస సంఖ్య ఉంటుంది. ఎవరు మార్చినా అది ఒకటి పెరుగుతుంది. సేవ్ చేసేటప్పుడు, తెరిచినప్పటి సంఖ్యే ఇంకా ఉందా అని ప్రోగ్రాము చూసుకుంటుంది. లేకపోతే "మీరు తెరిచిన తరువాత ల్యాబువారు మార్చారు, చూడండి" అని చెబుతుంది. మా మొదటి ఉదాహరణలో జీ6పీడీ మాట దీనివల్ల పోదు. తాళమూ పడి ఉండదు.

సిబ్బంది చేతికి తాళం చెవి ఇవ్వనక్కరలేదు. తాళం సంగతి మాత్రం పూర్తిగా తెలియాలి. "లాక్ అయింది" అన్న ఒక్క మాట చాలదు. ఏ విభాగంలో, ఎవరి దగ్గర, ఎన్ని గంటల నుండి ఉందో తెరమీద కనబడాలి. కంప్యూటరుకు ఇది చేతకాదని ఎవరైనా అంటే నమ్మవద్దు. ఏ తాళం ఎవరి కనెక్షను పట్టుకొని ఉందో చూపే పట్టిక పోస్ట్‌గ్రెస్‌లో 2002 నుండే ఉంది. దానికి కౌంటరులో ఉన్నవారి పేరు జతచేసి మామూలు తెలుగులో చూపించడమే ప్రోగ్రామువారు చేయవలసిన పని. కాగితపు గదిలో ట్రేసరు కార్డు ఉన్నప్పుడు, లక్షలు పెట్టి కొన్న కంప్యూటరులో ఎందుకు ఉండకూడదు?

మిగిలిపోయిన తాళాన్ని తెరిచే అధికారం మాత్రం ప్రతి పూటా డ్యూటీలో ఉన్న ఒక్క బాధ్యుడికే ఉండాలి. తెరిచినవారి పేరు, సమయం రాసి ఉండాలి. అందరికీ ఇస్తే, తొందరలో ఉన్న ప్రతివారూ పక్కవారి తాళం తీస్తారు. అప్పుడు తాళం ఉన్నా లేకున్నా ఒకటే.

చదవడానికి తాళం ఉండకూడదు

ఇది అన్నిటికంటే ముఖ్యం. పోస్ట్‌గ్రెస్‌లో గాని, నేడు మైఎస్‌క్యూఎల్‌లో మామూలుగా వాడే పద్ధతిలో గాని, ఒకరు ఒక రికార్డును మారుస్తున్నప్పుడు కూడా ఇంకొకరు దానిని చదవవచ్చు. చివరిసారి సేవ్ అయిన పేజీ వారికి కనబడుతుంది. రికార్డుకు పడే తాళం రాసేవారిని ఆపుతుంది గాని చూసేవారిని ఆపదు. కాబట్టి "లాక్ అయింది గనుక పేజీ తెరుచుకోవడం లేదు" అని ఏ ప్రోగ్రామైనా అంటే, చాలావరకు అది డేటాబేసు అవసరం కాదు, ప్రోగ్రాము రాసినవారు చేసిన ఎంపిక. ఆయాసంతో వచ్చిన బిడ్డ రక్తం గ్రూపు, సికిల్ సెల్ ఫలితం, పడని మందుల పేర్లు చూడటానికి డాక్టరుగారు ఎవరి తాళం కోసమూ ఆగకూడదు. సాఫ్ట్‌వేరు కొనే ముందు ఆస్పత్రులవారు ఈ ఒక్క ప్రశ్న తప్పక అడగాలని మా మనవి.

రోగికి ఏం చెప్పాలి?

కొత్తవలస - కిరండోల్ లైను ఒంటి పట్టాల దారిగా మొదలైనది. ఆ బండిలో అరకు వచ్చిపోయేవారికి, ఎదురు బండి కోసం స్టేషనులో ఆగడం అలవాటే. ఒంటి పట్టాల దారుల్లో పూర్వం డ్రైవరు చేతికి ఒక టోకెను ఇచ్చేవారు. అది చేతిలో ఉన్న బండికే ముందుకు వెళ్ళే హక్కు. ఆ టోకెను ప్రయాణికుల చేతికి ఇవ్వమని ఎవరూ అడగరు. కానీ "క్రాసింగ్ ఉంది, గూడ్సు దాటగానే బయలుదేరుతుంది" అని చెబితే మనసు కుదుటపడుతుంది. చెప్పకపోతే బండి చెడిపోయిందేమో అనుకొని దిగిపోయేవారూ ఉంటారు.

రోగి విషయం కూడా అంతే. లాక్ అనే మాటే వాడనక్కరలేదు. "మీ కాగితం ఇప్పుడు ల్యాబువారు రాస్తున్నారు, పది నిమిషాల్లో మనకు వస్తుంది, ఇక్కడ కూర్చోండి" అంటే చాలు. కువి గాని, ఒడియా గాని మాట్లాడేవారికి వారి భాషలో చెప్పగలిగితే ఇంకా మంచిది. కంప్యూటరు కారణంగా ఎవరినీ రేపు రమ్మని పంపకూడదు. కాగితం మీద రాసుకొని వైద్యం చేసి, తరువాత ఎక్కించుకోవచ్చు.

ఇక్కడ ఇంకొక విషయం. ఆధార్ వేలిముద్రలకు వేసుకునే లాక్ వేరు. అది ఆధార్ సంస్థవారు మన చేతికే ఇచ్చిన తాళం. మన వేలిముద్రలు మనవి గనుక వేసే హక్కూ తీసే హక్కూ మనవే. అది వేసి ఉంటే రేషను మిషను మీద వేలిముద్ర పనిచేయదు. ఆస్పత్రి రికార్డు లాక్‌కు, దానికి సంబంధం లేదు. రెంటినీ కలిపి భయపడవద్దు.

మీరు చేయవలసినవి

1. కొత్తగా నంబరు తీసుకునేటప్పుడు ఇంట్లో ఒక్కరే ఒక్క వరుసలో నిలబడండి. పాత చీటీ ఉంటే తప్పక తీసుకురండి.

2. జీ6పీడీ లోపం, సికిల్ సెల్, ఏదైనా మందు పడకపోవడం ఉంటే కంప్యూటరులో ఉందిలే అని ఊరుకోవద్దు. ప్రతిసారీ డాక్టరుగారికి నోటితో చెప్పండి. 2023 జూలై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ కార్యక్రమంలో ఇచ్చిన కార్డు ఉంటే చూపించండి.

3. ప్రైమాక్విన్ మాత్రలు వాడుతున్నప్పుడు మూత్రం టీ డికాక్షను రంగులోకి మారినా, కళ్ళు పచ్చబడినా మాత్ర ఆపి వెంటనే ఆస్పత్రికి రండి.

4. "లాక్ అయింది" అంటే కోపం తెచ్చుకోకుండా మూడు మాటలు అడగండి. ఎవరి దగ్గర ఉంది? ఎప్పటి నుండి ఉంది? ఇంకా ఎంతసేపు పడుతుంది? ఈ మూడు అడిగే హక్కు మీకు ఉంది.

5. ఆయాసం, ఫిట్స్, రక్తస్రావం, పురిటి నొప్పులు, తెలివితప్పిన జ్వరం ఉన్నప్పుడు ఏ కౌంటరు దగ్గరా ఆగవద్దు. నేరుగా అత్యవసర గదికి వెళ్ళండి. రికార్డు సంగతి తరువాత చూసుకోవచ్చు.

తాళం ఉండటం మంచిదే. ల్యాబువారు రాసిన ఒక్క మాటను అది కాపాడితే ఒక మనిషి బతుకుతాడు. కానీ ఎందుకు ఆగామో, ఎవరి కోసం ఆగామో తెలియకుండా ఎవరూ బెంచీ మీద పూటంతా కూర్చోకూడదు. తాళం చెవి బాధ్యత ఉన్నవారి దగ్గర ఉండనివ్వండి. తాళం సంగతి మాత్రం ఆగినవారందరికీ చెప్పాలి.